కొండమేకయు రాతిపువ్వును: జీవుల తారతమ్యమును గూర్చి విచారము

లోకమునందలి జీవులలో నొకటి యెక్కువ, వేఱొకటి తక్కువ యని మనము నిత్యమును తీర్పు చెప్పుచునే యున్నాము. ఈ తీర్పునకు వాదప్రతివాదములు లేవు, సాక్షులు లేరు, పునర్విచారణయు లేదు. ఏనుగు గొప్పది, చీమ యల్పము. మఱ్ఱిచెట్టు పూజ్యము, పాచి గోకివేయదగినది. చిన్ననాట నేర్చిన యీ తారతమ్యము పెద్దవారమైన తరువాత ధర్మముగా మాఱుచున్నది. ఎక్కువ యనుకొన్నదానిని కాపాడుట పుణ్యమనియు, తక్కువ యనుకొన్నదానిని నశింపజేయుటకు కారణమే యక్కఱలేదనియు మన నడవడి చాటుచున్నది. ఈ తారతమ్యమునకు మూలమేమి? దానిని నిర్ణయించిన కొలబద్ద యేది? ఆ కొలబద్ద న్యాయమైనదేనా? ఈ ప్రశ్నలను చదువరుల యెదుట నుంచుటకే యీ వ్యాసము.

జీవులన్నియు సమానములే యని యొక్కమాటతో నీ విచారమును ముగింపవచ్చునని కొందఱందురు. ఆ మాట వినుట కింపైనదే కాని యాచరణమునకు లొంగునది కాదు. దానిని పలికినవారే యన్నము తినుచున్నారు, నేల దున్నించుచున్నారు, గోడకు పట్టిన పాచిని గోకించి సున్నము వేయించుచున్నారు. ఆచరణమున నిలువని సమత్వము ధర్మమున కాధారము కాజాలదు. కావున నొండొంటికి మిక్కిలి దూరమైన రెండు జీవులను, ఒకే కొండమీద నివసించువానిని తీసికొని, మనము సాధారణముగా వాడు కొలబద్దల నొక్కొక్కటిగా వానికి పెట్టి చూతము. ఏది నిలుచునో, ఏది విఱుగునో యప్పుడు తెలియగలదు.

ఇటలీ దేశపు వాయవ్యభాగమున, ఆల్ప్స్ పర్వతములలో, గ్రాన్ పారడీసో యను శిఖరము 4,061 మీటర్ల యెత్తున నున్నది. దాని యేటవాలులయందు ఐబెక్సు అను అడవి కొండమేక తిరుగుచుండును. మన దక్షిణదేశమున నీలగిరులయందును, కేరళమునందలి ఎరవికుళమునందును గానవచ్చు తార్ అను జంతువును ఈ మేకల, గొఱ్ఱెల కుటుంబమునకే చెందినది. ఐబెక్సు పోతు కొమ్ములు వెనుకకు వంగి మీటరు పొడవు వఱకు పెరుగును. దాని బరువు నూఱు కిలోలకు మించుటయు గలదు. గిట్ట యంచు గట్టిది, నడుమ మెత్తనిది. అందువలన కాలు రాతియంచును పట్టుకొని జాఱకుండ నిలువగలదు. ఇటలీలోనే చింజీనో యను ఆనకట్ట యించుమించు నిలువుగోడవలె నుండును. ఆ గోడరాళ్ళపై నూరు లవణములను నాకుటకై ఆడుమేకలును పిల్లలును దానిమీది కెక్కి నిలుచుటను చిత్రములలో చూచినవారెల్లరును ఆశ్చర్యపడుచున్నారు.

ఆ యెత్తులయందలి రాళ్ళమీదనే పసుపు కలిసిన ఆకుపచ్చని మచ్చ యొకటి యంటుకొని యుండును. నడుమనడుమ నల్లని గీతలు పాఱి యది దేశపటమువలె కనబడును. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరును ఆ పోలికనే సూచించును. ఇది లైకెన్ అను జీవవర్గములోనిది. ఈ వర్గము మనకు క్రొత్తది కాదు. మన వంటయిండ్లలో మసాలాదినుసులతో చేర్చు రాతిపువ్వు లైకెనే. మన వైద్యులు దానినే శైలేయమనియు, శిలాపుష్పమనియు వ్యవహరించిరి. ఆల్ప్స్ కొండమీది మచ్చ దాని దూరపు జ్ఞాతి గనుక నీ వ్యాసమున దానినిగూడ రాతిపువ్వనియే పిలుతము. పువ్వని పేరే కాని యిది పువ్వు కాదు, ఆకు కాదు, చెట్టును కాదు. పుట్టగొడుగుల వర్గమునకు చెందిన శిలీంధ్ర మొకటియు, నీటిపాచి వర్గమునకు చెందిన శైవల మొకటియు కలిసి కట్టుకొన్న కాపురమిది. శిలీంధ్రము గోడయై తేమను నిలిపి యెండనుండి కాపాడును. శైవలము సూర్యరశ్మితో చక్కెరను తయారుచేసి కాపురమున కాహారము సమకూర్చును. ఈ మచ్చ సంవత్సరమునకు మిల్లీమీటరులో కొంతభాగము మాత్రమే పెరుగును.

ఇక కొలబద్దల సంగతి. మొదటిది యుపయోగము. మనకు పనికివచ్చునది గొప్పది, పనికిరానిది తక్కువది యని లోకుల యభిప్రాయము. ఐబెక్సు ఈ కొలబద్దకు బాగుగా తూగినది. పూర్వము ఐరోపావాసులు దాని కొమ్మును, నెత్తురును, కడుపులో దొరకు గట్టియుండలను, గుండెలోని చిన్నయెముకను మందులనియు, రక్షలనియు నమ్మిరి. ఒక్క మేకలో నిన్ని విలువలు కనిపించిన తరువాత దానికి బ్రదుకెక్కడిది? తుపాకులు చేతికి వచ్చిన పిమ్మట వేట మఱింత సులువయ్యెను. 19వ శతాబ్దారంభమునకు గ్రాన్ పారడీసో ప్రాంతమున సుమారు నూఱు మేకలు మాత్రమే మిగిలెను. ఆల్ప్స్ పర్వతములలో తక్కినచోట్ల నా జాతి యించుమించు తుడిచిపెట్టుకొనిపోయెను. ఉపయోగమను గౌరవమే దానికి మరణశాసన మయ్యెను. ఆ రాళ్ళమీది మచ్చకు మాత్ర మట్టి మహిమ నెవ్వరును కల్పింపలేదు గనుక నది బ్రదికిపోయినది. దీనివలన తేలునదేమి? ఉపయోగమనునది మన యవసరమునకు కొలతయే కాని జీవియొక్క యోగ్యతకు కొలత కాదు. నేడు మందనుకొన్నది రేపు మూఢవిశ్వాసమని తేలును. అప్పుడు మేక మాఱలేదు; మన మతియే మాఱినది.

రెండవ కొలబద్ద సౌందర్యము, ఠీవి. ఎత్తైన రాతికొనపై కొమ్ములు వంచి నిలిచిన మేకను చూచినవాని మనస్సు పొంగును. ఆ పొంగే దానిని కాపాడెనని చరిత్ర చెప్పుచున్నది. కాని యెట్లు కాపాడెనో చూడుడు. 1821లో సార్డీనియా రాజ్యమువారు ఐబెక్సు వేటను నిషేధించిరి. 1856లో రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజు ఆ కొండలను తన సొంతవేటకై ప్రత్యేకించుకొని కావలివారిని నియమించెను. ఇతరులు చంపకుండునట్లు కాపాడుట తాను చంపుటకొఱకే! ఆయన మనుమడు మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ ఆ భూములను ప్రభుత్వమునకు విడిచిపెట్టగా, 1922లో నది జాతీయోద్యానవనమై, ఇటలీకి మొట్టమొదటిదని పేరొందెను. అయినను రెండవ ప్రపంచయుద్ధకాలమున కాపుదల సడలగానే దొంగవేటకాండ్రు విజృంభించిరి. 1945 నాటి కచ్చట లెక్కకు వచ్చిన మేకలు 419 మాత్రమే.

రాజు వేటాసక్తివలన నొక జాతి నిలిచెననుట నిజము. ఆ మేలును మఱచుట కృతఘ్నత. కాని యొకరి యానందముపై నాధారపడిన రక్షణ, ఆ యొకరికి విసుగు పుట్టిననాడును, ఆయన సింహాసనము కదలిననాడును కూలిపోవును. అదియునుగాక, కంటికింపుగా లేని జీవి గతియేమి? రాతిపువ్వు నేలుకొనుటకే రాజు వచ్చును? దానిపై కాలుమోపి మేకను చూచుటకై పోవువాడు తానొక శతాబ్దపు పెరుగుదలను త్రొక్కుచున్నానని యెఱుగనైన నెఱుగడు. చూచువాని కన్ను మెచ్చినదానికే బ్రదుకు హక్కనుట, అందగానికే న్యాయస్థానపు తలుపు తెఱతుమనుటవంటిది.

మూడవ కొలబద్ద బలము, ఆయుర్దాయము. ఇచ్చట వింత యొకటి గలదు. మేకయు రాతిపువ్వును రెండును తమ వయస్సును తమ శరీరముమీదనే వ్రాసికొనును. ఐబెక్సు కొమ్ము చలికాలమున పెరుగుట యాగిపోవును. ఆ యాగినచోట నేర్పడు గీతలను లెక్కించి దాని యేండ్లు చెప్పవచ్చును. పదునైదు, ఇరువది యేండ్లు బ్రదికినచో నది దీర్ఘాయువే. రాతిపువ్వు మచ్చ యడ్డుకొలతను పట్టి యా రాయి యెన్నాళ్ళనుండి గాలికి, వెలుతురునకు బయటపడి యున్నదో యూహింతురు. రోలాండ్ బెషెల్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున నీ పద్ధతిని శాస్త్రముగా నిలిపెను. హిమానీనదములు వెనుకకు తగ్గుచు వదలిన రాళ్ళకుప్పల కాలమును నిర్ణయించుటకు ఈ మచ్చలే యిప్పటికిని సాక్ష్య మిచ్చుచున్నవి. అరచేయంత మచ్చ కొన్ని శతాబ్దముల వయస్సుగలది కావచ్చును. ధ్రువసమీపదేశములలో వేలయేండ్లవియు గలవని యంచనా. 2005లో ఐరోపా అంతరిక్షసంస్థవారు ఈ జాతి రాతిపువ్వునే ఫోటాన్-ఎం2 అను నౌకలో నంతరిక్షమునకు పంపి, గాలిలేని శూన్యమునను, తీవ్రమైన సూర్యకిరణములలోను రెండువారముల పాటుంచిరి. మరలివచ్చిన పిమ్మట నది తన జీవవ్యాపారమును మరల సాగించెను. మేకగాని మనుష్యుడుగాని యచ్చట నిమిషములలో నశించును. బలమే కొలబద్ద యైనచో రాతిపువ్వు ముందు మనమందఱమును తలవంపవలసినదే. కాని యీ కొలబద్దను మన మెన్నడును రాతిపువ్వునకు పెట్టలేదు; పెట్టినచో నోడిపోదుమని యెఱిగియే పెట్టమేమో!

నాల్గవ కొలబద్ద స్వతంత్రత. మేక యొక్కటిగా పుట్టి, ఒక్కటిగా నిలిచి, తన యిష్టము చొప్పున పోవును; రాతిపువ్వు రెండింటి కలయికయేగాని దానికి తనదనదగు స్వరూపమే లేదందురు. ఈ కలయికను కనిపెట్టిన చరిత్ర మన విచారమునకు మిక్కిలి యుపయుక్తము. 1867లో సైమన్ ష్వెండెనర్ అను స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లైకెన్ ఒక్క జీవి కాదనియు, శిలీంధ్రశైవలముల కలయిక యనియు ప్రకటించెను. ఆయన దానిని వర్ణించిన తీరేమనగా, శిలీంధ్రము యజమాని, శైవలములు దానికి చిక్కిన బానిసలు. నాటి లైకెన్ శాస్త్రజ్ఞులలో నగ్రగణ్యుడైన విలియం నైలాండర్ ఈ సిద్ధాంతమును బొత్తిగా నంగీకరింపలేదు. తరువాత 1879లో ఆంటన్ డి బారీ యను జర్మను పండితుడు, వేఱువేఱు జాతుల జీవులు కలిసి బ్రదుకుటకు సహజీవనమను నర్థముగల పేరును స్థిరపఱచెను. అందుకు ముఖ్యదృష్టాంతములలో లైకెన్ ఒకటి. 2016లో మఱికొందఱు శాస్త్రజ్ఞులు అనేక లైకెనుల పైపొరలో ఈస్టు వర్గమునకు చెందిన మఱియొక శిలీంధ్రముగూడ నున్నదని చూపిరి. ఇద్దఱనుకొన్న కాపురమున మూడవవాడు బయటపడెను.

ఒకే మచ్చను ఒకరు బానిసత్వముగాను, మఱియొకరు సహజీవనముగాను చూచిరి. ఆ మచ్చలో లేని యజమాని యెక్కడనుండి వచ్చెను? చూచిన మనుష్యుల సంఘమునుండి వచ్చెను. మనము ప్రకృతిని చదువునపుడు తఱచుగా మన యింటి లెక్కలపుస్తకమునే చదువుచుందుము. ఇందులో నొక యపాయమున్నది. సంఘమునందలి యెక్కువతక్కువలను ముందుగా ప్రకృతికి ఎరువిచ్చి, పిమ్మట ప్రకృతియే వానిని విధించినదని వడ్డీతో తిరిగి వసూలుచేయువారు అన్నిదేశములందును గలరు. పుట్టుకనుబట్టి యొకనిని హీనుడనువాడు ప్రకృతిలో మెట్లున్నవి కావా యని దృష్టాంతము చూపును. ఆ మెట్లను కట్టినది తానేయని మాత్రము చెప్పడు. ఇక మేకయైనను నిజముగా నొంటరిదా? గడ్డిలోని నారపదార్థము నఱిగించు శక్తి దానికి స్వతహాగా లేదు. కడుపులోని కోట్లకొలది సూక్ష్మజీవులే యా పని చేసిపెట్టును. అవి లేనిచో పచ్చిక నడుమ నిలిచియు నది యాకలిచే చచ్చును. రాతిపువ్వు తన సహవాసమును బయట పెట్టుకొన్నది, మేక కడుపులో దాచుకొన్నది, భేదమింతియే.

నాలుగు కొలబద్దలును విఱిగినవి. ఐదవది మాత్రము విఱుగదు. అది బాధ. బెంథామను ఆంగ్ల న్యాయతత్త్వవేత్త 1789లో ప్రకటించిన గ్రంథమున, జంతువులయెడ మన ధర్మమును నిర్ణయించునది వాని బుద్ధియు కాదు, భాషయు కాదు, బాధపడు శక్తియే యని వాదించెను. గుండు తగిలిన మేక గిలగిల కొట్టుకొనును; తల్లిని పోగొట్టుకొన్న పిల్ల యఱచును. దానికి జరిగిన యన్యాయము దానికే తెలియును. రాతిపువ్వునకు నరములు లేవు, మెదడు లేదు. ఉలితో చెక్కివేసినను దానికి నొప్పి కలుగునని నమ్ముటకు మనకాధారము లేదు. జగదీశచంద్ర బోసు మహాశయుడు సున్నితమైన యంత్రములతో మొక్కలు బాహ్యప్రేరణములకు మాఱుపలుకుటను చూపి లోకమును విస్మయపఱచెను. కాని మాఱుపలుకుట వేఱు, బాధపడుట వేఱు. దయాగుణముచే నీ భేదమును మఱచి, లేని బాధను కల్పించి కన్నీరు విడిచినచో, నిజముగా బాధపడుదానికి చెందవలసిన కన్నీరు వ్యర్థమగును. ఈ భేదమును నే నంగీకరించుచున్నాను.

అయితే యిక్కడ జాగ్రత్త వలయును. బాధపడదు గనుక దానికి విలువయే లేదని వెంటనే తీర్పు చెప్పుట తర్కమున దుముకుట. ఒక దృష్టాంతమును తీసికొందము. పనిలేని యొకడు కొండకు పోయి, ఐదువందల యేండ్ల మచ్చను వినోదమునకై ఉలితో గీకివేసెననుకొనుడు. ఎవరికిని నొప్పి కలుగలేదు, ఎవరి సొత్తును పోలేదు, చూచినవాడును లేడు. అయినను వాడు తప్పుచేయలేదని చెప్పుటకు మన యంతరాత్మ యొప్పుకొనదు. ఏలన, తాను చేయజాలనిదానిని, మరల తెప్పించి యీయజాలనిదానిని, ఏ యవసరమును లేక క్షణములో నశింపజేసెను. ఆ మచ్చకు నొప్పి లేకపోవచ్చును. కాని దానికి బ్రదుకు గలదు, పెరుగుదల గలదు, తనదైన క్రమము గలదు. మేకయెడ తప్పు క్రూరత్వము. రాతిపువ్వుయెడ తప్పు గర్వము. మేకకు మన మచ్చియున్నది దయ. రాతిపువ్వునకు మన మచ్చియున్నది మర్యాద. అప్పులు వేఱువేఱు, అప్పుండుట మాత్రము రెంటియెడను నిజమే. తారతమ్యమని మనము పొరపడినది నిజముగా తప్పుల రకములలోని భేదమే కాని యోగ్యతల మెట్లు కావు.

ఇది కవికల్పన యని న్యాయవాదులు నవ్వకుందురుగాక. ఆ ఆల్ప్స్ పర్వతములలోని స్విట్జర్లాండు ప్రజలు 1992లో తమ రాజ్యాంగమున జీవుల గౌరవమను మాటను చేర్చుకొనిరి. ఆ మాట జంతువులకే కాక మొక్కలకును, ఇతరజీవులకును వర్తించునట్లు వ్రాయబడినది. 2008లో నా దేశప్రభుత్వమునకు సలహానొసంగు నీతివిచారణసంఘమువారు మొక్కలను గూర్చి నివేదిక ప్రకటించుచు, బాటప్రక్కనున్న యడవిపూల తలలను కారణములేక తెంపివేయుట యనుచితమని యభిప్రాయపడిరి. అమెరికాలో క్రిస్టొఫర్ స్టోన్ అను న్యాయశాస్త్రాచార్యుడు 1972లోనే వృక్షములకు న్యాయస్థానమున నిలుచు నర్హత యుండవలదా యని ప్రశ్నించెను. మాటలాడలేనిది కక్షిదారెట్లగునని యడుగువారికి మన దేశమే సమాధానము. మాటలాడని దేవతావిగ్రహమును న్యాయదృష్టిలో వ్యక్తిగా 1925లో ప్రీవీ కౌన్సిలువారంగీకరించి, దాని తరపున మాటలాడుటకు మనుష్యులకు చోటిచ్చిరి. చెక్కిన రాతికి న్యాయస్థానమున దొరకిన స్థానము, చెక్కని రాతిమీద బ్రదుకుచున్న జీవికి దొరకుట యసంభవమని యెట్లందుము?

మన రాజ్యాంగముగూడ నీ విషయమున మూగది కాదు. 1976లో చేర్చబడిన పౌరుల ప్రాథమికవిధులలో, 51ఎ అధికరణపు (జి) ఖండమున, రెండు వేఱువేఱు విధులు చెప్పబడినవి. అడవులు, సరస్సులు, నదులు, వన్యజీవులతో గూడిన ప్రకృతిని కాపాడి మెఱుగుపఱచుట యొకటి. ప్రాణులయెడ కరుణ గలిగియుండుట మఱియొకటి. శాసనకర్తలు రెండింటిని ఒక్కటిగా కలిపివేయలేదు. కాపాడుట యంతటికిని వర్తించును. కరుణ బాధ యున్నచోట మఱింతగా వర్తించును. మన విచారమున తేలిన దయామర్యాదల భేదమున కా వాక్యనిర్మాణముననే చోటున్నదని నాకు తోచుచున్నది.

ఇప్పుడొక గట్టి యాక్షేపణము వచ్చును. ఇట్లైనచో మనుష్యుడు రాయి కొట్టరాదు, రోడ్డు వేయరాదు, ఆనకట్ట కట్టరాదు, మసాలాలో రాతిపువ్వు వేయరాదు. తుదకు నడువనేరాదు గదా యని. అట్లు కాదు. అవసరము ధర్మవిరుద్ధము కాదు. న్యాయస్థానమున నిరూపణభారమెవరిదను ప్రశ్న యెంత ముఖ్యమో, ఇచ్చటను అంత ముఖ్యము. ఇన్నాళ్ళును మనము జీవినే బోనులో నిలిపి, నీవు బ్రదుకుటకు కారణమేమో చెప్పుమని యడుగుచున్నాము. మేకకు ఠీవి యను సాక్షి దొరకినది. రాతిపువ్వున కెవరును దొరకలేదు. ఈ విచారణ తలక్రిందులైనది. కారణము చెప్పవలసినది బ్రదుకుచున్న జీవి కాదు, దానిని నశింపజేయబూనినవాడు. నీ కవసరమేమి? అదే పనికి వేఱుమార్గము లేదా? పోయినదానిని మరల తేగలవా? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము చెప్పి యాతడు ముందుకు పోవచ్చును.

ఈ మూడవ ప్రశ్నకడ మన రెండు జీవుల చరిత్రయు మఱియొక పాఠము చెప్పుచున్నది. 1906 మొదలు ఐబెక్సు పిల్లలను ఇటలీనుండి రహస్యముగా స్విట్జర్లాండునకు తరలించి పెంచి, 1911లో నచ్చటి కొండలపై విడిచిపెట్టిరి. నేడు ఆల్ప్స్ పర్వతములలో నీ మేకలు 50,000 కు మించియున్నవి. స్విట్జర్లాండున వాని సంఖ్యను అదుపున నుంచుటకై 1977 నుండి నియమితముగా వేటను గూడ ననుమతించుచున్నారు. అనగా నొక మేకను చంపుట పెద్ద తప్పే కావచ్చును గాని, దాని జాతిని మనుష్యులు ప్రయత్నపూర్వకముగా తిరిగి నిలుపగలిగిరి. అదియు సంపూర్ణముగా కాదు. ఆ నూటి సంతతియే యగుటచే నేటి మేకలలో వంశవైవిధ్యము మిక్కిలి తక్కువ. పోయిన మేకలు తమతో గొనిపోయినది తిరిగి రాలేదు. ఇక వేయియేండ్ల మచ్చ గోకివేసినచో, దానిని తెచ్చుటకు నే రాజశాసనమును, ఏ ఉద్యానవనమును చాలదు, వేయియేండ్లే కావలయును. అల్పమనుకొన్నదే తిరిగి తేరానిదైనది. కావున మేకవిషయమున ప్రతి ప్రాణియు మన యెదుట నిలిచి ప్రశ్నించుచున్నది. రాతిపువ్వువిషయమున కాలమే నిలిచి ప్రశ్నించుచున్నది.

మఱియొక సంగతి. మాటలేనిదైనను రాతిపువ్వు వర్గము మనకు హెచ్చరిక చేయుచునే యుండును. ష్వెండెనరును ఖండించిన యా నైలాండరే 1866లో, పారిస్ నగరమున నితరత్ర మాయమైన లైకెనులు లుక్సెంబర్గు తోటలో మాత్రము బ్రదికియుండుట గమనించి, గాలి స్వచ్ఛతకు నవి కొలతయని వ్రాసెను. బొగ్గుపొగలోని గంధకపువాయువునకు లైకెనులలో ననేకము త్వరగా లోనగునని తరువాతివారు స్థిరపఱచిరి. మన యూపిరితిత్తులు చెడుటకు ముందే చెట్టుబెరడుమీది మచ్చ చచ్చి మనకు తెలియజేయును. దాని చావును లెక్కచేయనివాడు తన యింటి తలుపుతట్టిన వార్తాహరుని వెడలగొట్టినవాడే. కాని యీ లాభమునుబట్టి దానిని గౌరవింపుడని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పినచో మరల మొదటి కొలబద్దకే పోయినవారమగుదుము. అది వార్తనీయకపోయినను మర్యాద కర్హమే.

చదువరులలో ననేకులు విద్యావంతులు, భూవసతిగలవారు, ఇతరుల నడవడికి మాదిరియగువారు. మనకు ఆల్ప్స్ దూరము కావచ్చును. రాళ్ళు దూరము కావు. మన కొండలమీద, కోటగోడలమీద, పురాతనశిలలమీద మేకుతోను, ఉలితోను తమ పేర్లు చెక్కుకొనువారు ప్రతియూర గలరు. ఆ పేరు చెక్కినవా డెవడో పదియేండ్లకు నెవరికిని తెలియదు. ఆ పేరుక్రింద నశించిన మచ్చ ఆతని తాతముత్తాతలకంటె పెద్దదై యుండవచ్చును. మన బిడ్డలను కొండకు తీసికొనిపోవునపుడు, మేకను రాతితో కొట్టకుమని యెట్లు చెప్పుదుమో, ఈ మచ్చను గోకకుమని యట్లే చెప్పుదము. ఎందుకని వారడుగుదురు. నొప్పి కలుగునని యబద్ధము చెప్పనక్కఱలేదు. నీకు దానితో పనిలేదు, దానిని మరల చేయుటయు నీకు రాదు, కావున చేయి తీయుమని చెప్పిన చాలును. బిడ్డ యీ మాటను రాతికడ నేర్చుకొన్నచో, నోరులేనివానికడను, దిక్కులేనివానికడను, తనకు పనికిరాడని లోకము త్రోసివేసినవానికడను చేయి తీయుట కలవాటుపడును. దయ బాధను చూచి పుట్టును. మర్యాద బాధ కనబడనిచోటను నిలుచును. రెండును గలవాడే ధర్మపరుడు.